174 మంది ముందూ అదే ఊపు

1984, జపాన్. సూపర్ రాక్ అనే భారీ సంగీతోత్సవం. స్టేజీ ఎక్కిన వాళ్లలో స్కార్పియన్స్, వైట్‌స్నేక్, బాన్ జోవి, ఆన్విల్ ఉన్నారు. మొదటి మూడు బ్యాండ్ల రికార్డులు కోట్లలో అమ్ముడయ్యాయి. మరి నాలుగో పేరు ఎప్పుడైనా విన్నారా? నేనైతే వినలేదు. ‘ఆన్విల్! ద స్టోరీ ఆఫ్ ఆన్విల్’ డాక్యుమెంటరీ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

కట్ చేస్తే, కెనడాలో మంచు. యాభైకి దగ్గరపడ్డ ఒకాయన వ్యాన్‌లో తిరుగుతూ స్కూళ్లకు భోజనాలు అందిస్తుంటాడు. జపాన్‌లో వేల మందిని ఊపేసిన సింగర్, గిటారిస్ట్ స్టీవ్ కుడ్లో ఆయనే. అందరూ ‘లిప్స్’ అంటారు. డ్రమ్మర్ రాబ్ రైనర్ కన్‌స్ట్రక్షన్ పనులకు వెళ్తాడు. టొరంటోలో టీనేజీ నుంచీ ఇద్దరూ దోస్తులు.

టాలెంట్ లేక ఇలా అయ్యారా అంటే, కాదు. 1982లో వచ్చిన వాళ్ల ‘మెటల్ ఆన్ మెటల్’ ఆల్బమ్ అప్పటి కుర్ర బ్యాండ్లకు పాఠంలాంటిది. మెటాలికా లార్స్ ఉల్రిక్, గన్స్ ఎన్ రోజెస్ స్లాష్, మోటర్‌హెడ్ లెమ్మీ ఇందులో కెమెరా ముందుకొచ్చి మరీ వీళ్లని పొగుడుతారు. మరి ఎక్కడ తేడా కొట్టింది? సరైన మేనేజ్‌మెంట్ లేదు, రికార్డింగులు సరిగ్గా కుదరలేదు, అదృష్టమూ కలిసిరాలేదు. కోడ్ బాగానే ఉన్నా ప్రొడక్షన్‌లో పేలిపోయే ప్రాజెక్టులు మనమూ చూశాం కదా!

దర్శకుడు సాషా గెర్వాసీ. స్పీల్‌బర్గ్ ‘ద టెర్మినల్’ రచయితల్లో ఒకడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఇదే బ్యాండ్ వెంట టూర్లు తిరుగుతూ సామాన్లు మోశాడు. అందుకేనేమో, నవ్వొచ్చే సీన్లలో కూడా కెమెరా వాళ్లని వెక్కిరించదు.

నవ్వొచ్చే సీన్లకైతే కొదవ లేదు. యూరప్ టూర్‌లో రైళ్లు మిస్సవుతారు. ప్రాగ్‌లో క్లబ్‌కు లేటుగా చేరినా వాయిస్తారు, తీరా ఓనర్ డబ్బులివ్వనంటాడు. ట్రాన్సిల్వేనియాలో పదివేల మంది పట్టే హాలుకు వచ్చింది 174 మంది. అయినా లిప్స్ స్టేజీ మీద ఒక్క స్టెప్పూ తగ్గించడు. అక్కడిదాకా పగలబడి నవ్విన నేను ఆ సీన్‌లో మాత్రం నవ్వలేకపోయాను.

ఇంజినీరింగ్‌లో మాకూ ఒక బ్యాండ్ ఉండేది, నలుగురం. ప్లేస్‌మెంట్స్ రాగానే తలా ఒక ఊరు పోయాం. నా గిటార్ ఇప్పుడు బీరువా మీద ఉంది, దుమ్ము పట్టి. ‘వదిలేసి మంచి పని చేశావురా’ అని ఈ సినిమా నాతో అంటుందనుకున్నా. అనలేదు. అలాగని ‘వదలకుండా ఉండాల్సింది’ అనీ అనలేదు.

ఎందుకంటే కల ఖరీదు కల కన్నవాడు ఒక్కడే కట్టడు. 13వ ఆల్బమ్‌కి డబ్బుల్లేక లిప్స్ ఫోన్‌లో కళ్లజోళ్లు అమ్మే పనికి చేరతాడు. అబద్ధాలు చెప్పడం చేతకాని మనిషి, అది ఎక్కడ నడుస్తుంది? చివరికి అక్క అప్పిస్తుంది. భార్యలు ఏళ్ల తరబడి ఓపిక పడతారు. ఇక చాలని ఇంట్లోనే ఒకరు మొహమాటం లేకుండా అనేస్తారు. ఎవరి మాట తప్పో దర్శకుడు తేల్చడు. అది నాకు బాగా నచ్చింది.

ఇంగ్లండ్‌లోని డోవర్‌లో రికార్డింగ్ మధ్య దోస్తులిద్దరికీ పెద్ద గొడవ. అరుపులు, వెళ్లిపోతానని బెదిరింపులు, తర్వాత కన్నీళ్లు. భార్యాభర్తల గొడవ చూస్తున్నట్టే ఉంటుంది. సంగీతం గురించి ఏమీ తెలియకపోయినా ఈ ఒక్క సీన్ కోసం సినిమా చూడొచ్చు.

ఆ తర్వాత మళ్లీ జపాన్ నుంచి పిలుపు. 2006, లౌడ్ పార్క్ ఫెస్టివల్. కానీ వీళ్ల టైమ్ పొద్దున పదకొండున్నర ప్రాంతంలో! ఆ వేళకి రాక్ వినడానికి ఎవరొస్తారు? హాలు ఖాళీగా ఉంటుందేమోనని భయపడుతూనే స్టేజీ వైపు నడుస్తారు. ఆ తర్వాత ఏమైందో నేను చెప్పను, మీరే చూడండి.

సినిమా 2008లో సన్‌డాన్స్‌లో మొదటిసారి ఆడింది. మరుసటి ఏడాది ఏసీ/డీసీ షోలు కొన్నింటికి ముందు వాయించే ఛాన్స్ ఆన్విల్‌కు దక్కింది. 2024లో కూడా కొత్త ఆల్బమ్ తెచ్చారు. పాడింది లిప్స్, డ్రమ్స్ రాబ్.