అభ్రకమును గూర్చిన అపోహలు – వాస్తవములు

సంగారెడ్డి, పటాన్‌చెరు పరిసరములయందు బావి త్రవ్వినను, పునాది తీసినను, ఎఱ్ఱమట్టిలోను రాతిపొడిలోను తళుక్కుమను రేకులు కానవచ్చుట అందఱెఱిగినదే. పిల్లలు వానిని కాకిబంగారమని యేరుకొందురు. పెద్దలలో కొందఱు అడుగున విలువైన గని యేదియో యున్నదని తలపోయుదురు. ఆ రేకులు అభ్రకమే. కాని అవి గ్రానైటు శిలలో కలిసియుండు బయోటైటు అను నల్ల అభ్రకమునకు చెందినవి. ఇనుము పాలు హెచ్చగుటచేతను, రేకు మిక్కిలి చిన్నదగుటచేతను విద్యుత్పరికరములకు పనికిరావు. అవి క్రమముగా శిథిలమై నేలకు పొటాషియమును సమకూర్చుచుండుట మాత్రము రైతునకు మేలే. పరిశ్రమలు కోరు తెల్ల అభ్రకము, అనగా మస్కోవైటు, నెల్లూరు సీమలోని గూడూరు, సైదాపురము, కలిచేడు ప్రాంతముల పెగ్మటైటు శిలలలో పొత్తములవలె దిమ్మలు దిమ్మలుగా దొరకును. లేత ఆకుపచ్చ చాయ దాని గుర్తు.

“మెఱయుచున్నది గనుక లోహమే, విద్యుత్తు దీనిగుండ పాఱును” అనునది వేఱొక అపోహ. సత్యము దీనికి పూర్తిగా విరుద్ధము. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లు గట్టిగా అల్లుకొన్న పొరలు ఒకదానిపై నొకటి చేరి, నడుమనున్న పొటాషియం అయానుల బలహీనబంధముచేత మాత్రమే కలిసి నిలుచును. అందుచే చాకుమొనను అంచున జొనిపినంతనే నునుపైన పొర విడివడును. మిల్లీమీటరులో నలువదవ వంతుకంటెను పలుచనైన రేకు సైతము వంచినచో విఱుగక, వదలినంతనే యథాస్థితికి వచ్చును. లోహమునందువలె స్వేచ్ఛగా సంచరించు ఎలక్ట్రానులు ఇందు లేవు. మస్కోవైటు సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వఱకును, ఫ్లోగోపైటు అను జాతి అంతకు మించియు వేడిని తాళును.

ప్లాస్టిక్కులు వచ్చిన పిదప అభ్రకమునకు కాలము చెల్లినదని చెప్పువారు రామచంద్రాపురములోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము నిర్మించు టర్బోజనరేటర్ల వంటి యంత్రములను తలంపవలెను. అట్టి మహాయంత్రములలో, వేల వోల్టుల యొత్తిడికి లోనగు రాగికడ్డీలకు చుట్టునది అభ్రకపు టేపే. ఆ కడ్డీలచుట్టు గల సూక్ష్మమైన ఖాళీలలో చిన్న చిన్న విద్యుద్విసర్గములు ఎడతెగక పుట్టుచుండును. వట్టి ప్లాస్టిక్ పొరను అవి కాలక్రమమున తినివేయును. అభ్రకము మాత్రము ఏండ్ల తరబడి వాని కోర్చి నిలుచును. మఱియొక విశేషమేమనగా, ఈ టేపు పెద్ద రేకులతో చేయబడదు. ఒకప్పుడు గనులయొద్ద కుప్పలుగా పాఱవేసిన తునకలనే చిదిపి, నీటిలో కలిపి, కాగితముగా తీసి, గాజుబట్టపై నతికించి రెజిన్ పట్టింతురు. భారత ప్రభుత్వము 2015లో అభ్రకమును చిన్నతరహా ఖనిజముల జాబితాలో చేర్చి, 2025లో తిరిగి ప్రధాన ఖనిజముల వర్గములోనికి తెచ్చినది. అభ్రకము దొరకు పెగ్మటైటులలోనే లిథియం, నియోబియం, టాంటలం వంటి అరుదైన ధాతువులును దొరకు అవకాశముండుట ఇందులకు కారణము.

ఇంటింటి బల్లలపై నుండు సన్‌మైకాలో మైకా, అనగా అభ్రకము, లేదు. అది వ్యాపారనామము మాత్రమే. రెజినులో తడిపిన కాగితములను వేడితో, ఒత్తిడితో అదిమి దానిని తయారుచేయుదురు. ఇక మైక్రోవేవ్ ఓవెన్ లోపలి గోడకు అమర్చిన బూడిదరంగు పలకను అట్టముక్కయని భ్రమించి ఊడదీయువారున్నారు. సాధారణముగా నది అభ్రకపు పలకయే. తరంగములు వెలువడు ద్వారమును నూనెతుంపరలనుండి, ఆవిరినుండి కాపాడును. ఆయుర్వేదమున అభ్రకభస్మ ముండుటచేత పచ్చి అభ్రకమును నూఱి తినవచ్చునని యనుకొనుట ప్రమాదము. శోధన, మారణములు జరుగని అభ్రకము ఆ శాస్త్రమునందే నిషిద్ధము.

అభ్రకమును ఆస్బెస్టాసుతో సమానముగా భావించి భయపడుటయు పొరపాటే. ఇది పొరల ఖనిజము. అది నారల ఖనిజము. రేకును చేతబట్టినంతమాత్రమున హాని లేదు. కాని రంగులు, రబ్బరు, సౌందర్యసాధనములకై దీనిని పొడిచేయుచోట ఆ ధూళిని దీర్ఘకాలము పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడును. అందు స్ఫటికశిల పొడి కలిసినచో సిలికోసిస్ సోకును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ వ్యాధిని అధికారులకు తప్పక తెలుపవలసిన వ్యాధుల జాబితాలో చేర్చినది. కావున పొడి పనిచేయు కార్మికసోదరులు తడిపద్ధతిని, ధూళిని లాగు యంత్రమును, ముక్కుకు తగిన తొడుగును యాజమాన్యము నుండి అడిగి పొందవలెను. ఏటేట ఛాతీ పరీక్ష చేయించుకొనవలెను.