సునీతా విలియమ్స్: జెట్ అడిగితే హెలికాప్టర్ ఇచ్చారు.. అదే అంతరిక్షానికి దారైంది!

2025 మార్చి 19. మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 3:27. ఫ్లోరిడా తీరంలో డ్రాగన్ క్యాప్సూల్ పారాచూట్లతో సముద్రంలో దిగింది. చుట్టూ డాల్ఫిన్లు.. లోపల 286 రోజుల తర్వాత భూమికి తిరిగొచ్చిన సునీతా విలియమ్స్. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. అసలు ఆమె కెరీర్ మొదలైంది కూడా సముద్రంతోనే. అమెరికా నేవీలో పనిచేసిన అమ్మాయి వ్యోమగామి ఎలా అయ్యారు? చూద్దాం.

పశువుల డాక్టర్ కావాలనుకుని..

సునీత తండ్రి దీపక్ పాండ్యాది గుజరాత్‌లోని ఝులాసన్ గ్రామం. తల్లి బోనీది స్లొవేనియా మూలాలున్న కుటుంబం. సునీత పుట్టి పెరిగింది అమెరికాలోనే. చిన్నప్పుడు పశువుల డాక్టర్ కావాలన్నది ఆమె కోరిక. అది కుదరక, అన్నయ్య చదివిన నేవల్ అకాడమీలోనే చేరి 1987లో డిగ్రీ పూర్తి చేశారు.

నేవీలో జెట్ విమానాలు నడపాలనుకున్నారు. కానీ అప్పట్లో మహిళలకు యుద్ధ విమానాలు ఇచ్చేవారు కాదు. ఆ రూల్ 1993లో గానీ మారలేదు. దాంతో ఆమెకు దక్కింది హెలికాప్టర్. దానితోనే గల్ఫ్ ప్రాంతంలో డ్యూటీ చేశారు. 1992లో ఆండ్రూ తుపాను మయామీ వైపు విరుచుకుపడినప్పుడు, సహాయక చర్యలకు వెళ్లిన హెలికాప్టర్ల బృందానికి ఇన్‌చార్జ్ ఆమే.

మలుపు తిప్పిన మాట

1993లో టెస్ట్ పైలట్ స్కూల్‌లో సీటొచ్చింది. అక్కడి నుంచి ఓసారి హ్యూస్టన్‌లోని నాసా సెంటర్‌కు వెళ్లారు. చంద్రుడిపై నడిచిన జాన్ యంగ్ అక్కడ మాట్లాడారు. చంద్రుడిపై ల్యాండ్ అవడం కోసం తాను హెలికాప్టర్ నడపడం నేర్చుకున్నానని చెప్పారు. అంతే.. 'హెలికాప్టర్ పైలట్లకూ ఛాన్స్ ఉందన్నమాట' అని సునీతకు అప్పుడే అనిపించింది. 1998లో నాసా ఆమెను సెలెక్ట్ చేసింది. అప్పటికి ఆమె యూఎస్ఎస్ సైపాన్ అనే యుద్ధనౌకపై డ్యూటీలో ఉన్నారు.

నేవీ పాఠాలు ఎలా పనికొచ్చాయి?

* డైవింగ్: నేవీలో ఆమె ముందు డైవింగ్ ఆఫీసర్‌గా ట్రైనింగ్ తీసుకున్నారు. స్పేస్‌వాక్ ప్రాక్టీస్ జరిగేది కూడా నీళ్లలోనే. హ్యూస్టన్‌లో 40 అడుగుల లోతున్న పూల్‌లో స్పేస్ స్టేషన్ నమూనాలు ముంచి నేర్పిస్తారు.

* ఇరుకు జీవితం: ఓడపై నెలల తరబడి ఇంటికి దూరంగా, కొద్దిమందితో బతకాలి. స్పేస్ స్టేషన్‌లోనూ అంతే.

* టెస్ట్ పైలట్ అలవాటు: కొత్త వాహనం నడపడమే కాదు, అందులో లోపమేంటో పట్టుకుని చెప్పడం కూడా వాళ్ల పనే.

8 ఏళ్ల వెయిటింగ్.. ఆఖరికి పైలట్ సీటు

సెలెక్ట్ అయినా వెంటనే ఎగరలేదు. 2003లో కొలంబియా ప్రమాదంలో కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయారు. షటిల్ ప్రయాణాలు ఆగిపోయాయి. సునీత మొదటిసారి వెళ్లింది 2006 డిసెంబర్‌లో. 2012లో రెండోసారి వెళ్లి స్పేస్ స్టేషన్ కమాండర్ కూడా అయ్యారు.

షటిల్ పైలట్ కావాలంటే జెట్ అనుభవం తప్పనిసరి. అందుకే ఆ సీటు ఆమెకు దక్కలేదు. 2024 జూన్‌లో, 58 ఏళ్ల వయసులో, బోయింగ్ స్టార్‌లైనర్‌కు పైలట్‌గా వెళ్లారు. మనుషులతో అది వెళ్లడం అదే మొదటిసారి. దారిలో హీలియం లీకైంది, స్టేషన్‌కు చేరేటప్పుడు ఐదు థ్రస్టర్లు మొరాయించాయి. వాటిలో నాలుగు మళ్లీ పనిచేసినా నాసా రిస్క్ తీసుకోలేదు. స్టార్‌లైనర్‌ను ఖాళీగా దించింది. దాదాపు 8 రోజుల ట్రిప్ 286 రోజులైంది.

మొత్తం మూడు ప్రయాణాల్లో 608 రోజులు, 9 స్పేస్‌వాక్‌లు, స్టేషన్ బయట 62 గంటల 6 నిమిషాలు. 2025 డిసెంబర్‌లో ఆమె నాసా నుంచి రిటైర్ అయ్యారు. అనుకున్న సీటు రాలేదని బాధపడుతున్న పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే, ఈ స్టోరీ ఒకసారి చదివి వినిపించండి.