పాత డీజిల్ పికప్ వాహనాలలో ఇంధన పొదుపు: కొలత, కారణాలు, సవరణలు

కూరగాయలు, పూలు, పండ్లు పండించే గ్రామాల నుండి పట్టణ మార్కెట్లకు తెల్లవారుజామున సరుకు చేరవేసేవి చాలావరకు పాత డీజిల్ పికప్ వాహనాలే. పది పదిహేనేళ్ల కిందట కొన్న వాహనం రెండు మూడు చేతులు మారి, నేడు నలుగురైదుగురు చిన్న రైతుల సరుకును కలిపి మోస్తూ ఉంటుంది. కిరాయిలో పెద్ద భాగం డీజిల్ ఖర్చే. సాగు వ్యయాన్ని పైసలతో సహా లెక్కగట్టే మనం, పంట గట్టు దాటిన తరువాత ఖర్చయ్యే ఇంధనం జోలికి అంతగా పోము. మన దేశంలో పంటల శక్తి లెక్కలలో లీటరు డీజిలుకు 56.31 మెగాజౌళ్లు, కిలో నత్రజనికి 60.6 మెగాజౌళ్లు తుల్యాంకాలుగా తీసుకోవడం పరిపాటి. ఆ లెక్కన రోడ్డు మీద వృథా అయిన ప్రతి లీటరూ దాదాపు ఒక కిలో నత్రజనితో సమానం. నత్రజని వినియోగ సామర్థ్యంపై మనం చేసిన ప్రయోగాలెన్నో, రవాణాపై చేసినవెన్నో పాఠకులకు తెలియనిది కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. రోజుకు రానుపోను 120 కి.మీ., ఏడాదికి 300 రోజులు తిరిగే వాహనం 36,000 కి.మీ. నడుస్తుంది. లీటరుకు 11 కి.మీ. ఇచ్చే వాహనానికి 3,273 లీటర్లు, 13 కి.మీ. ఇచ్చే వాహనానికి 2,769 లీటర్లు అవసరం. తేడా 504 లీటర్లు. లీటరు రూ. 95 చొప్పున వేసుకున్నా సుమారు 48 వేల రూపాయలు. ఈ రెండు కిలోమీటర్ల తేడా కొత్త వాహనం కొంటేనే వస్తుందని యజమానులు అనుకుంటారు. చాలా సందర్భాలలో ఆ అవసరం ఉండదు.

మొదట కొలత

ఏ సవరణకైనా ముందు వాహనం ప్రస్తుతం ఎంత తాగుతున్నదో తెలియాలి. ట్యాంకు నిండుగా పోయించి, మీటరు రీడింగు రాసుకొని, తిరిగిన తరువాత మళ్లీ నిండుగా పోయించి భాగహారం చేయడం అందరికీ తెలిసిన పద్ధతే. అయితే ఇందులోని దోషాన్ని గమనించేవారు తక్కువ. నురగ వల్ల, వాహనం నిలిపిన వాలు వల్ల 'నిండుగా' అన్న మాట ప్రతిసారీ ఒకే మట్టాన్ని సూచించదు. ఒక లీటరు అటూ ఇటూ కావడం సహజం. 20 లీటర్లు పోయించినప్పుడు ఒక లీటరు తేడా అంటే 5 శాతం దోషం. ఫిల్టరు మార్చడం వల్ల 2 శాతం లాభం వచ్చిందో లేదో ఒక్క ట్యాంకుతో తేల్చిచెప్పడం, పునరావృత్తులు లేని మడిలో రెండు వంగడాలను పోల్చడం వంటిది.

దీనికి సులభమైన ఉపాయం ఉన్నది. వరుసగా నింపిన డీజిలునంతటినీ కూడి, మొత్తం దూరాన్ని దానితో భాగించాలి. మధ్యలో ఒకసారి తక్కువగా నిండితే, తరువాతి సారి ఆ మేరకు ఎక్కువ పడుతుంది. కనుక మధ్య దోషాలు రద్దయిపోయి మొదటి, చివరి నింపుళ్ల దోషమే మిగులుతుంది. 200 లీటర్ల మీద ఒక లీటరు దోషం అర శాతమే. ఒకే బంకు, ఒకే డ్రైవరు, ఒకే మార్గం పాటిస్తూ, బరువును కూడా పుస్తకంలో రాయించాలి. ఒక విడతలో ఒక్క మార్పే చేయాలి. టైర్లు మార్చి, సర్వీసింగు చేయించి, వేగం తగ్గించి, అన్నీ ఒకే వారంలో జరిగితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

కంపెనీ సూచించిన దానికంటే పెద్ద టైర్లు వేయించిన వాహనాలలో మరొక మెలిక ఉంటుంది. చుట్టుకొలత 5 శాతం పెరిగితే మీటరు ఆ మేరకు తక్కువ దూరం చూపిస్తుంది. వాహనం నిజంగా ఎక్కువ తాగకపోయినా తాగినట్టు కనిపిస్తుంది. కిలోమీటరు రాళ్ల పక్కన 20 కి.మీ. నడిపి మీటరును ఒకసారి సరిచూసుకోవాలి.

విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం ఇంకొకటి: లీటరుకు కిలోమీటర్లు అనే కొలమానం మోసం చేస్తుంది. 8 నుండి 10కి పెరిగితే 100 కి.మీ.కు రెండున్నర లీటర్లు మిగులుతాయి. 12 నుండి 14కు పెరిగితే మిగిలేది 1.2 లీటర్లే. పెరుగుదల రెంటిలోనూ రెండే. కాబట్టి ఒక సంఘానికి నాలుగు వాహనాలుంటే శ్రద్ధ మొదట అన్నిటికంటే అధ్వానమైన దానిపై పెట్టాలి.

శక్తి ఎక్కడికి పోతున్నది

సరుకుతో కలిపి 2,800 కిలోల పికప్‌ను తీసుకొందాం. తారు రోడ్డు మీద టైర్ల దొర్లుడు నిరోధ గుణకం 0.012 అనుకుంటే, ఆ నిరోధం సుమారు 330 న్యూటన్లు. ఇది వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగపు వర్గంతో పెరుగుతుంది. ముందు భాగపు వైశాల్యం 3 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.6 అనుకుంటే గంటకు 60 కి.మీ. వేగంలో అది 287 న్యూటన్లు, 80 కి.మీ. వేగంలో 511 న్యూటన్లు. మొత్తం నిరోధం 617 నుండి 841కి, అంటే 36 శాతం పెరిగింది. డీజిలు దహన శక్తిలో (లీటరుకు సుమారు 36 మెగాజౌళ్లు) నాలుగో వంతు చక్రాలకు చేరుతుందనుకుంటే, లీటరుకు 60 వేగంలో 14.6 కి.మీ., 80 వేగంలో 10.7 కి.మీ. వస్తాయి. ఎక్కువ భారం మీద ఇంజను సామర్థ్యం కొంత మెరుగుపడుతుంది కాబట్టి వాస్తవంలో తేడా ఇంతకంటే కాస్త తగ్గవచ్చు. దిశ మాత్రం మారదు. పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంస్థ గంటకు 45–55 కి.మీ. వేగాన్ని సూచించడంలోని అంతరార్థం ఇదే.

60 కి.మీ. దూరపు మార్కెట్‌కు 80 వేగంతో పోతే కలిసి వచ్చేది పదిహేను నిమిషాలు. పై లెక్క ప్రకారం అదనంగా పోయేది లీటరున్నర డీజిలు. అయితే డ్రైవరును తప్పుపట్టి ప్రయోజనం లేదు. వేలం మొదలయ్యాక చేరిన సరుకుకు ధర పడిపోతుందని అతనికి తెలుసు. కోత, గ్రేడింగు, క్రేట్లకెత్తడం ఆలస్యమైనందునే అతడు పరుగెత్తవలసి వస్తున్నది. ఆ పదిహేను నిమిషాలను కోత దగ్గర మిగిల్చే పని విస్తరణ సిబ్బందిది.

క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చిన క్రేట్లు, వదులుగా కొట్టుకునే టార్పాలిన్ గాలి నిరోధాన్ని పెంచుతాయి. సరుకును పరచి పేర్చి, టార్పాలిన్‌ను బిగించి కట్టడానికి ఖర్చేమీ లేదు. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు వెనుక తలుపు దించితే గాలి సాఫీగా పోయి డీజిలు మిగులుతుందని కొందరి నమ్మకం. తలుపు మూసి ఉన్నప్పుడు తొట్టిలో గాలి సుడి తిరుగుతూ నిలిచి, పై గాలి దాని మీదుగా జారిపోతుంది. దించడం వల్ల లాభం లేకపోగా, రోడ్డు మీద వెనుకవచ్చే వారికి ప్రమాదం.

టైర్లలో గాలి తగ్గి దొర్లుడు నిరోధం పదో వంతు పెరిగితే, పై ఉదాహరణలో 60 వేగం దగ్గర మొత్తం నిరోధం 5 శాతం పెరుగుతుంది. గాలిని ఉదయం, వాహనం కదలకముందు, చల్లని టైర్లలోనే చూడాలి. బరువుకు తగినట్టు వెనుక టైర్లకు కంపెనీ సూచించిన ఒత్తిడి పెట్టాలి.

ఇక్కడ మా పరిశోధనా క్షేత్రపు వాహనం సంగతి చెప్పాలి. విత్తన బస్తాలు, మట్టి నమూనాలు మోసే ఆ పికప్ కొన్నాళ్లుగా ఎక్కువ తాగుతున్నదని, ఇంజను అరిగిపోయిందని నిర్ధారించుకొని, ఇంజను పనికి ప్రతిపాదన నేనే రాశాను. ఒకనాడు నమూనాలు దింపుతున్న పరిశోధక విద్యార్థి వెనుక ఎడమ చక్రం దగ్గర చేయిపెట్టి తీసేశాడు. డ్రమ్ము కాలిపోతున్నది. చేతి బ్రేకు తీగ తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రావడం లేదు. తీగ మార్చాక ప్రతిపాదన అవసరం లేకపోయింది. ప్రయాణం ముగియగానే నాలుగు చక్రాల మధ్యభాగాలను జాగ్రత్తగా తాకి చూడాలని అప్పటి నుండి ప్రతి తరగతిలోనూ చెబుతున్నాను.

దీనికే మరొక పరీక్ష ఉన్నది. సమతలమైన, రద్దీలేని రోడ్డు మీద 50 వేగం నుండి ఇంజను ఆపకుండా న్యూట్రల్‌లో వదలి, 30కి తగ్గడానికి పట్టే సెకన్లు కొలవాలి. రెండు దిశలలోనూ చేసి సగటు తీయాలి. పై లెక్కల ప్రకారం అది సుమారు అర నిమిషం ఉండాలి. బాగా తగ్గితే ఇంజనును విప్పకముందు బ్రేకులు, చక్రాల బేరింగులు, టైర్లు, అలైన్‌మెంటు చూడాలి.

ఇంజను

పాత డీజిల్ ఇంజను తన స్థితిని పొగతో తెలుపుతుంది. భారం మీద నల్లపొగ వస్తే ఇంధనానికి తగిన గాలి అందడం లేదని, లేదా నాజిళ్లు సరిగా చిమ్మడం లేదని అర్థం. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుతున్నదనడానికి గుర్తు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంజెక్షన్ సమయం, కంప్రెషను అనుమానించాలి. దుమ్ము రోడ్ల మీద తిరిగే వాహనానికి ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే చూడాలి. బరువు లాగడం లేదని యజమాని అనగానే కొందరు మెకానిక్కులు పంపులో డీజిలు మోతాదు పెంచుతారు. లాగుడు కొంత పెరిగినా, గాలి అదే ఉన్నందున అదనపు ఇంధనంలో కొంత మసిగా బయటపడుతుంది. పంపు, నాజిళ్లను కాలిబ్రేషను బెంచి మీద సరిచూపించడమే పద్ధతి. కిరోసిన్ కలిపిన డీజిలు అంతకంటే హాని చేస్తుంది: లీటరుకు శక్తి తక్కువ, జారుడు గుణం తక్కువ కావడంతో పంపు త్వరగా అరుగుతుంది.

మన ఎండలకు ఇంజను వేడెక్కుతున్నదని థర్మోస్టాట్‌ను తీసిపారేయడం సర్వసాధారణం. సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఈ చిన్న కవాటం లేకపోతే ఇంజను తగిన ఉష్ణోగ్రతకు రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ సమయమంతా ఆయిలు చిక్కగా ఉండి రాపిడి ఎక్కువవుతుంది, దహనం మందగిస్తుంది. శీతాకాలపు వేకువ ప్రయాణాలలో నష్టం మరీ ఎక్కువ. వేడెక్కుతున్నదంటే రేడియేటరు పూడికనో, ఫ్యాను బెల్టునో చూడాలి గాని థర్మోస్టాట్‌ను కాదు.

ఇంధన గొట్టం కీలు దగ్గర సెకనుకొక చుక్క కారుతున్నా, చుక్కకు 0.03 మి.లీ. చొప్పున, పన్నెండు గంటలలో 1.3 లీటర్లు పోతాయి. గొట్టానికి తగిలించే అయస్కాంతాలకు, ట్యాంకులో పోసే సీసా మందులకు పెట్టే డబ్బుతో ఆ వాషరును మార్చుకోవచ్చు.

నిలిపిన వాహనంలో ఇంజను నడుస్తుంటే గంటకు అర లీటరు నుండి లీటరు దాకా ఖర్చవుతుంది. యార్డు గేటు ముందు వరుసలో గంటసేపు ఇంజను ఆపని డ్రైవరును అడిగితే, బ్యాటరీ బలహీనంగా ఉన్నదని, ఆపితే తోయించవలసి వస్తుందని చెబుతాడు. పొదుపు కోసం బ్యాటరీ మార్చమంటే యజమాని వింతగా చూస్తాడు. రోజుకు గంటన్నర నిలుపుదలను ముప్పై రోజులకు అతని ముందే హెచ్చవేసి చూపించాలి.

ఘాట్ రోడ్ల మీద దిగేటప్పుడు న్యూట్రల్ వేయడం, కొందరైతే ఇంజనునే ఆపడం పొదుపుగా భావిస్తారు. గేరులో ఉండి ఆక్సిలరేటరు వదిలితే పాత పంపులోని గవర్నరే ఇంధనాన్ని నిలిపివేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడిలింగుకు డీజిలు పోతూనే ఉంటుంది. ఇంజను ఆపితే బ్రేకులకు సాయపడే వాక్యూమ్ పంపూ ఆగిపోతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి నిల్వ వాక్యూమ్ అయిపోయి పెడలు రాయిలా బిగుసుకుంటుంది. సరుకు నింపిన వాహనాన్ని అప్పుడు ఆపడం కాలి బలంతో అయ్యే పని కాదు. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగమని డ్రైవర్ల శిక్షణలో మొదటి రోజే చెప్పాలి.