లెక్కల నోటుబుక్కు వెనుక పేజీలు



సాయంత్రం స్టడీ అవర్‌లో మూడు, నాలుగు తరగతుల తమ్ముళ్ల పక్కన కూర్చొని లెక్కలు చెప్పే పని ఈ ఏడు తొమ్మిదో తరగతి వాళ్లకు ఇచ్చారు. అక్కడ తెలిసిన సంగతే ఇది.

"14ను 4 చే భాగించి శేషము కనుగొనుము" అని బోర్డు మీద రాస్తే మూడో తరగతి తమ్ముడు ఒకడు నోటుబుక్కు మూసి పక్కకు పెట్టిండు. "నాకు లెక్కలు రావు అన్నా" అన్నడు. మరుసటి రోజు వాడికే 14 సీతాఫలాలు ఇచ్చి నలుగురికి సమానంగా పంచమన్నాం. చకచకా తలా మూడు పెట్టి, "రెండు మిగిలినయ్, ఇవి నాకేనా?" అని అడిగిండు. అంటే భాగహారం వాడికి వచ్చు. రానిది "శేషము" అనే మాట ఒక్కటే. అదేందిరా అంటే "శేషుడంటే పాము గదా" అన్నడు. ఆదిశేషుడి కథ విన్న పిల్లవాడు అంతకంటే ఏం చెప్తాడు? కానీ "నాకు లెక్కలు రావు" అని వాడు నమ్మేశాడు చూడండి, భయపడాల్సింది దానికి. అట్లా నమ్మినవాడు పండక్కి ఇంటికి పోయి తిరిగి రాకపోవచ్చు.

లెక్కల పుస్తకంలో కొన్ని మాటలు పూర్తిగా కొత్తవి. గుణకారం, భాజకం, లబ్ధం వంటివి. వాటిని నేర్చుకోవాలని పిల్లలకూ తెలుసు. మోసం చేసేవి రెండో రకం. అవి బయట ఒక అర్థం, లెక్కల్లో ఇంకో అర్థం చెప్తాయి. హారం అంటే మెడలో వేసేది. భిన్నంలో అది గీత కింద ఉండే సంఖ్య. అంకె, సంఖ్య ఒకటే అనుకుంటాం, కానీ 47 అనే సంఖ్యలో అంకెలు రెండు. ఇవి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకే తడబాటు. మనకైతే ఇంట్లో గోండి. గోండిలో ఉండి అంటే ఒకటి, రండ్ అంటే రెండు. ఊరి బడిలో చేరిన రోజు సారు "రండి, రండి" అని పిలిస్తే రెండు, రెండు అంటున్నాడేమో అనుకున్నానని మా తరగతి మిత్రుడు ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు.

ఇంటి భాషతో చదువు మొదలుపెట్టడం కొత్త సంగతేం కాదు. 1943లో మన మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ దొర గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండి వాచకాలు తయారు చేయించాడు. లిపి మాత్రం దేవనాగరి.

ఇక మేం చేస్తున్న పని. లెక్కల నోటుబుక్కును వెనుక నుంచి తిప్పి పది కాగితాలు మాటల కోసం వదిలిపెట్టించాం. వేరే పుస్తకం ఎందుకు పెట్టలేదంటే, వేరేది ఉంటే అది పెట్టె అడుగుకు పోతుంది. లెక్క చేస్తూ మాట మరిచిపోతే అదే పుస్తకం వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఒక్కో పేజీకి ఒక్కటే మాట. పేజీని నాలుగు గళ్లు చేసి మాటను నడుమ రాయాలి. ఒక గడిలో అర్థం, తమ్ముడి సొంత మాటల్లో. ఒక గడిలో బొమ్మ. ఒకదానిలో ఉదాహరణ. నాలుగో గడిలో "ఇది కాదు" అనే ఉదాహరణ. ఈ నాలుగు గళ్ల పద్ధతిని 1969లో అమెరికాలో ఫ్రేయర్ అనే ఆమె, ఆమెతో పనిచేసినవాళ్లు తయారు చేశారు. మేం దానికి కింద ఒక గీత కలిపాం, అక్కడ ఇంటి భాషలో చెప్పేది తెలుగు అక్షరాలతో రాసుకుంటారు.

"హారం" పేజీ చూడండి. తమ్ముడు జొన్నరొట్టె గీసి నాలుగు సమాన ముక్కలు చేసి, మూడింటికి రంగు వేశాడు. పక్కన 3/4. "రొట్టెను మొత్తం ఎన్ని ముక్కలు చేసినమో అది హారం. ఎన్ని తిన్నమో అది లవం" అని రాసుకున్నాడు. నాలుగో గడిలో చిన్నా పెద్దా ముక్కలుగా తుంచిన రొట్టె గీసి "ఇది కాదు, సమానంగ లేదు" అన్నాడు. "సమానంగా" అనే మాట వాడికి ఎవరూ బట్టీ పట్టించలేదు.

మొదట్లో మేమే ఒక పొరపాటు చేశాం. "ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత" అని అందరితో రాయించాం. తర్వాత ఈ లెక్క వచ్చింది: అన్న దగ్గర 8 గోళీలు ఉన్నాయి. అవి తమ్ముడి గోళీల కంటే 3 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని? అందరూ "ఎక్కువ" చూసి 11 అన్నారు. గోళీలు వరసగా పేర్చి చూపిస్తే గాని 5 అని ఒప్పుకోలేదు. ఆ పేజీలు కొట్టేయించాం. మాటకు గుర్తు అంటగట్టొద్దు, మొత్తం వాక్యం చదివించి బొమ్మ వేయించాలి. ఇంకో సంగతి, అర్థాన్ని బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటే పేజీ అందంగానే ఉంటుంది గాని తలకెక్కదు.

వార్డెన్ సార్లకు రెండు మనవులు. ఆ వెనుక పేజీల్లో ఒత్తులు, దీర్ఘాలు తప్పుపోతే ఎర్ర సిరాతో కొట్టేయకండి, పక్కన సరైనది రాయండి చాలు. స్టడీ అవర్‌లో తమ్ముళ్లు గోండిలో, కోలామీలో మాట్లాడుకుంటుంటే అల్లరి అనుకోకండి. చాలాసార్లు వాళ్లు లెక్క గురించే వాదించుకుంటుంటారు.

ఇప్పటికి 11 మాటలయ్యాయి. "చుట్టుకొలత"కు, "వైశాల్యం"కు ఇంట్లో ఏమంటారో పెద్దలను అడిగి రాసినవాళ్లు చీటీని ఈ పత్రిక కింద వేలాడే డబ్బాలో శనివారం లోపల వేయండి.