అతీంద్రియ పరిశోధనయు విద్వల్లోకమును

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1967లో మనస్తత్వశాస్త్రముతో పాటు పరామనోవిజ్ఞానమునకును స్థానమిచ్చి ఒక శాఖను నెలకొల్పెను. ఇంద్రియముల సాయము లేకయే ఒకరి మనస్సులోని విషయము మరియొకరికి తెలియునా యనునది ఈ విద్య విచారించు ప్రశ్న. శాఖాస్థాపకులు ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు. ఇట్టి విద్యకు విశ్వవిద్యాలయమున చోటేలయని ఆక్షేపించువారును, మన యోగసిద్ధులు ఋజువైనవని ఉప్పొంగువారును కలరు. ఉభయులును దీని చరిత్రను చదువలేదని మా యనుమానము.

1882లో లండనునందు వెలసిన పరిశోధక సంఘమునకు తొలి యధ్యక్షుడు కేంబ్రిడ్జి తత్త్వవేత్త సిడ్జ్‌విక్. వింతలను నమ్ముటకు గాక శోధించుటకే ఆ సంఘము పుట్టినది. హాడ్జ్‌సన్ అను పరిశోధకుని మదరాసు చెంత అడయారునకు పంపి, దివ్యజ్ఞాన సమాజపు అద్భుతలేఖలు కపటరచనలని 1885లో ప్రకటించినది.

పిమ్మట అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమున రైన్ పండితుడు చీట్ల పరీక్షను ప్రారంభించెను. రామకృష్ణారావుగారు పనిచేసినది ఈయనతోడనే. 5 గురుతులు గల 25 చీట్లు. గ్రుడ్డిగా చెప్పినను సగటున 5 సరిపోవును. అంతకు మించి సరిపోవుచున్నవని 1934లో ఆయన గ్రంథము వ్రాయగా విద్వల్లోకము సంచలించెను. కొన్ని చీట్ల గురుతులు వెనుకనుండియే కానవచ్చుచున్నవని విమర్శకులు చూపిరి. 1974లో రైన్ సంస్థయందలి యధికారియే ఫలితములను తారుమారు చేయుచు సహోద్యోగులకు పట్టుబడెను. రైన్ దానిని దాచలేదు; తన పత్రికయందే ప్రకటించెను. ఎన్ని గౌరవపీఠములు ఈపాటి నిజాయితీని చూపినవో మేము చెప్పజాలము!

1969లో అమెరికా విజ్ఞానాభివృద్ధి సంఘము ఈ పరిశోధకులను చేర్చుకొన్నది. 1979లో వారిని వెడలగొట్టవలెనని భౌతికశాస్త్రజ్ఞుడు వీలర్ కోరెను. అది జరుగలేదు.

అసలు పరీక్ష 2011లో వచ్చినది. మనస్సు భవిష్యత్తును ముందే పసిగట్టునని కార్నెల్ ఆచార్యుడు బెమ్ 9 ప్రయోగములతో ఒక అగ్రశ్రేణి మనస్తత్వ పత్రికయందు వ్రాసెను. వాడినవి అందరును అంగీకరించిన పద్ధతులే. ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు అందొక ప్రయోగమును మరల చేయగా ఫలితము శూన్యము. ఆ వ్యాసమును అదే పత్రికకు పంపగా, పునఃప్రయోగములను ప్రచురింపమని త్రిప్పి పంపిరి. దోషమెవరిది? 2015లో 100 సాధారణ మనస్తత్వ ప్రయోగములను మరల జరుపగా, నూటికి సుమారు 36 మాత్రమే నిలిచినవి.

అతీంద్రియశక్తి ఇంతవరకు ఋజువు కాలేదనియే మా యభిప్రాయము. అయినను 1967లో తలుపు తెరచుట తప్పనజాలము. ప్రయోగమునకు పూర్వమే ప్రణాళికను నమోదు చేయవలెనను నియమమును యూరపులోని ఒక పరామనోవిజ్ఞాన పత్రిక 1976లోనే చేపట్టెను. పెద్ద మనస్తత్వ పత్రికలకు అది తోచుటకు 30 ఏండ్లు దాటినవి. ఆ పత్రిక పాతసంచికలను లెక్కించినవారు 2019లో తెలిపినదేమనగా, నమోదు లేని వ్యాసములలోని విశ్లేషణలు నూటికి సుమారు 28 విజయమును చూపగా, ముందే నమోదైనవానిలో సుమారు 8 మాత్రమే చూపినవి. కేవలము యాదృచ్ఛికముగనే 5 వచ్చును.