సరస్సు ఒడ్డున ఇష్టాగోష్ఠి

1931 డిసెంబరు నెల. లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశం నుండి రిక్తహస్తాలతో మరలిన గాంధీజీ, దారిలో స్విట్జర్లండులోని విల్నవ్ అనే చిన్న ఊళ్ళో ఆగారు. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఫ్రెంచి రచయిత రోమా రోలా నివసిస్తూ ఉండేవారు. కొద్ది రోజులు సంభాషణల్లో గడిచాయి. చివరి సాయంత్రం ప్రార్థన ముగిసిన తరువాత గాంధీజీ ఒక కోరిక కోరారు. బీథోవెన్ సంగీతం కొంచెం వినిపించమన్నారు. రోలా పియానో ముందు కూర్చుని, అయిదవ సింఫనీలో విలంబ గతిలో సాగే భాగాన్ని వాయించారు.

గాంధీజీకి బీథోవెన్‌తో పరిచయం లేదు. మరి ఎందుకు అడిగినట్లు? తన వెంట వచ్చిన మీరాబెన్‌ను తన వద్దకు చేర్చినది ఆ సంగీతమేనని ఆయనకు తెలుసు.

మీరాబెన్ అసలు పేరు మేడలిన్ స్లేడ్. 1892లో జన్మించారు. తండ్రి బ్రిటిష్ నౌకాదళంలో ఉన్నతాధికారి. పదిహేనేళ్ళ ప్రాయంలో విన్న బీథోవెన్ సంగీతం ఆమెను పట్టుకుని విడవలేదు. ఇష్టం ఒంటరిగా నిలవలేదు. పంచుకోవడానికి సహృదయుడు కావాలంటుంది. 1903లో బీథోవెన్ జీవితం రాసి, ఆ తరువాత ఒక సంగీతకారుని కథను పది సంపుటాల నవలగా మలచి, 1915 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన రోలా ఆమెకు అటువంటివాడుగా కనిపించారు. ఆయన పుస్తకాలు చదవడానికే ఆమె ఫ్రెంచి నేర్చుకున్నారు. విల్నవ్ వెళ్ళి ఆయనను కలుసుకున్నారు.

మాటల మధ్య రోలా, తాను గాంధీ అనే భారతీయుని గురించి ఒక చిన్న పుస్తకం రాశానని చెప్పారు. ఆ పేరు ఆమె అంతవరకు విననే లేదు. 1924లో పుస్తకం వెలువడగానే తెచ్చుకుని ఒక్క రోజులో చదివేశారు. ఎక్కడికి వెళ్ళవలసి ఉన్నదో ఆమెకు తెలిసిపోయింది. అయితే తొందరపడలేదు. ఏడాదిపాటు నేల మీద కూర్చోవడం, నూలు వడకడం, శాకాహారం అలవాటు చేసుకున్నారు. ఆశ్రమ జీవితం కష్టమైనదని గాంధీజీ ముందే హెచ్చరించారు. అయినా 1925 నవంబరు 7న ఆమె సబర్మతి చేరుకున్నారు. సంగీతం గురించి మాట్లాడుకోవాలని వెళ్ళిన మనిషికి ఒక పుస్తకం దొరికింది. ఆ పుస్తకం ఒక సాధనకు దారి చూపింది.

ఇంతకూ ఆ పుస్తకం రాసేనాటికి రోలా గాంధీజీని చూడలేదు. భారతదేశంలో ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఇంగ్లీషు కూడా రాదు. ఇంగ్లీషు తెలిసిన సోదరి చదివి ఫ్రెంచిలో చెబుతుంటే ఆయన వినేవారు. అతిథులతో సంభాషణకూ ఆమే దుబాసి. అనువాద వృత్తిలో ఉన్న నావంటివారికి ఆ సోదరి పట్ల ప్రత్యేకమైన గౌరవం కలగడం సహజం. గోష్ఠిలో కనిపించే పేర్లు రెండే. మూడవ గొంతు లేకపోతే ఆ రెండూ మూగవే.

రోలా ఇచ్చినవాడే కాదు, పుచ్చుకున్నవాడు కూడా. తన ఇంటికి వచ్చిన భారతీయ రచయిత ధనగోపాల్ ముఖర్జీ ద్వారానే ఆయన మొదటిసారిగా రామకృష్ణ పరమహంస గురించి తెలుసుకున్నారు. ఫలితంగా 1929లో రామకృష్ణుని చరిత్ర, 1930లో వివేకానందుని చరిత్ర వెలువడ్డాయి.

ఈ గోష్ఠిలో అంతా ఏకాభిప్రాయమే అనుకుంటే పొరపాటు. 1926లో రవీంద్రనాథ ఠాగూరు ముస్సోలినీ అతిథిగా ఇటలీలో పర్యటించి, అక్కడి నుండి విల్నవ్ వచ్చారు. ఆయన మాటలను ఇటలీ పత్రికలు ఫాసిస్టు ప్రభుత్వానికి ప్రశంసలుగా అచ్చు వేశాయి. అతిథి మనసు నొచ్చుకుంటుందని రోలా మౌనం వహించలేదు. ఆ పాలన స్వరూపం ఎటువంటిదో విప్పి చెప్పారు. ప్రవాసంలో ఉన్న ఇటలీవారి గోడు కూడా విన్న తరువాత ఠాగూరు మాంచెస్టర్ గార్డియన్ పత్రిక ద్వారా ఫాసిజాన్ని బహిరంగంగా ఖండించారు. ప్రతిసారీ ఇట్లా జరగలేదు. 1931లో గాంధీజీ రోం వెళ్ళడం రోలాకు సమ్మతం కాదు. గాంధీజీ వెళ్ళారు, ముస్సోలినీని కలుసుకున్నారు. స్నేహం మాత్రం చెడలేదు.

మీరాబెన్ కథకు ఒక కొసమెరుపు ఉన్నది. మూడు దశాబ్దాలకు పైగా ఈ దేశసేవలో గడిపి, 1959లో ఆమె యూరపుకు తిరిగి వెళ్ళారు. వియన్నా సమీపంలోని అడవుల అంచున, బీథోవెన్ తిరుగాడిన సీమలో శేషజీవితం గడిపి 1982లో కన్నుమూశారు. బాపూ కోసం పక్కన పెట్టిన సంగీతం చివరివరకు ఆమె కోసం ఎదురుచూస్తూనే ఉన్నదన్నమాట.

మనమూ రోజూ మనకు నచ్చిన కీర్తన గురించో, చదివిన పుస్తకం గురించో ఎవరితోనో ముచ్చటిస్తూనే ఉంటాము. వినేవారిలో ఎవరికి ఏ మాట ఎక్కడ తగులుతుందో చెప్పేవారికి తెలియదు. గాంధీ పేరు ఎత్తిన క్షణాన రోలాకు మాత్రం తెలుసా?