బాస్ గిటారు నాణ్యత, విడిభాగాల మార్పిడి

బాస్ గిటారు లేదా ఎలక్ట్రిక్ బాస్ అనేది మంద్రస్థాయి స్వరాలను పలికించే తంత్రీ వాద్యం. దీనికి సాధారణంగా నాలుగు తీగలు ఉంటాయి. ఇవి మామూలు గిటారులోని నాలుగు మందపు తీగల కన్నా ఒక స్థాయి తక్కువ శ్రుతిలో మోగుతాయి. అన్నింటికన్నా మందమైన 'ఇ' తీగ సెకనుకు 41.2 సార్లు, సన్ననిదైన 'జి' తీగ 98 సార్లు కంపిస్తాయి. విద్యార్థులకు ఉద్దేశించిన చౌక నమూనాల నుండి వృత్తి కళాకారుల కొరకు చేతితో తయారు చేసే ఖరీదైన నమూనాల వరకు ఈ వాద్యాలు పలు స్థాయులలో లభిస్తాయి. చౌక వాద్యాన్ని కొని, దాని పికప్‌లు, బ్రిడ్జి, బిరడాలు వంటి భాగాలను మెరుగైన వాటితో మార్చుకోవడం బాస్ వాద్యకారులలో బాగా వ్యాప్తిలో ఉన్న పద్ధతి. అయితే ధరలోని తేడా అంతా విప్పి మార్చగల భాగాలలో ఉండదు. అందులో చాలావరకు మెడ నిర్మాణానికి, మెట్ల నునుపుకు, చివరి సర్దుబాటుకు వెచ్చించిన శ్రమకు చెందుతుంది.

ప్రధాన భాగాలు

* మెడ: తీగల కింద ఉండే పొడవైన చెక్క భాగం. ఎక్కువగా మేపుల్ కలపతో చేస్తారు. తీగల లాగుడును తట్టుకొనేందుకు దీనిలో ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంటుంది.
* మెట్లు: మెడ పైపలకలో అడ్డంగా బిగించిన లోహపు పట్టీలు. వీటినే ఫ్రెట్లు అంటారు.
* బిరడాలు: తీగలను బిగించి శ్రుతి చేసే మరలు.
* నట్: మెడ చివర తీగలు ఆనే సన్నని పట్టీ. ఒక్కొక్క తీగకు ఒక గాడి ఉంటుంది.
* బ్రిడ్జి: వాద్యం మొండెంపై తీగల రెండవ చివరను పట్టి ఉంచే లోహపు భాగం. దీనిపై తీగల ఎత్తును, పొడవును సరిచేసే చిన్న దిమ్మెలు ఉంటాయి.
* పికప్: అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన పరికరం. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది.
* నియంత్రణ వలయం: శబ్ద తీవ్రతను, నాద గుణాన్ని మార్చే పొటెన్షియోమీటర్లు, కెపాసిటర్, బయటి తీగను తగిలించే జాక్.

చరిత్ర

1930లలో అమెరికాలోని సియాటెల్ నగరానికి చెందిన పాల్ టట్‌మార్క్ మెట్లు గల విద్యుత్ బాస్‌ను తయారు చేశాడు గాని అది ప్రాచుర్యం పొందలేదు. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్‌ను విడుదల చేశాడు. మెట్లు ఉండటం వలన స్వరస్థానం ఖచ్చితంగా పలుకుతుందనే అర్థంలో దానికి ఆ పేరు పెట్టారు. దీని తీగల పొడవు 34 అంగుళాలు, అనగా సుమారు 864 మిల్లీమీటర్లు. నేటికీ చాలా బాస్ గిటార్లకు ఇదే కొలత.

ఫెండర్ తన వాద్యాలలో మెడను జిగురుతో అతికించక, నాలుగు మరలతో మొండేనికి బిగించాడు. కర్మాగారంలో ఉత్పత్తిని సులభం చేసిన ఈ పద్ధతే తరువాతి కాలంలో భాగాల మార్పిడికి కూడా మార్గం వేసింది. 1957లో ప్రెసిషన్ బాస్‌కు రెండు ముక్కలుగా చీలిన పికప్‌ను అమర్చారు. 1960లో రెండు పికప్‌లు గల జాజ్ బాస్ వచ్చింది. ఈ రెండు పికప్‌ల ఆకృతులే అనంతరం పరిశ్రమకు ప్రమాణాలుగా నిలిచాయి. 1976లో మ్యూజిక్ మాన్ సంస్థ, బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్ గల స్టింగ్‌రే బాస్‌ను తెచ్చింది.

1982లో ఫెండర్ సంస్థ జపానులో తయారైన స్క్వయర్ వాద్యాలతో చౌక శ్రేణిని ప్రారంభించింది. తరువాత చౌక వాద్యాల ఉత్పత్తి కొరియా, చైనా, ఇండోనేషియా దేశాలకు విస్తరించింది. ప్రసిద్ధ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ పేరిట 2015లో వచ్చిన సైర్ బాస్ గిటార్లు తక్కువ ధరకే ప్రీయాంప్, మెరుగైన మెట్ల పని అందించి ఈ శ్రేణిలో పోటీని పెంచాయి.

ధరలో తేడాకు కారణాలు

కంప్యూటరు ఆధారిత కోత యంత్రాలు వచ్చిన తరువాత మొండెం, మెడ ఆకృతులలో చౌక, ఖరీదైన వాద్యాల మధ్య తేడా చాలా తగ్గింది. మిగిలిన తేడాకు ముఖ్య కారణాలు ఇవి.

శ్రమ: యంత్రం మెట్లను బిగించిన తరువాత వాటి తలలను ఒకే ఎత్తుకు అరగదీసి, గుండ్రంగా మలచి, అంచులను నునుపు చేయాలి. ఖరీదైన వాద్యాలలో ఈ పనికి ఎక్కువ సమయం కేటాయిస్తారు. చౌక వాద్యంలో ఒక మెట్టు ఏ మాత్రం ఎత్తుగా ఉన్నా దాని వెనుక మెట్టుపై నొక్కిన స్వరం గరగరలాడుతుంది.

కలప: మెడ కలప బాగా ఆరకపోతే తరువాత వంగటం, మెలిక తిరగటం జరుగుతుంది. కొన్ని ఖరీదైన నమూనాలలో మెడ లోపల కార్బన్ గ్రాఫైట్ కడ్డీలను కూడా అమరుస్తారు. పైపలకకు చిరకాలంగా వాడుతున్న కలపలలో భారతీయ రోజ్‌వుడ్ ఒకటి. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నింటినీ అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందమైన సైటిస్ నియంత్రణలోకి తెచ్చారు. ఆ తరువాత స్క్వయర్ నమూనాలలో ఇండియన్ లారెల్ అనే కలప వాడకంలోకి వచ్చింది. ఇది తెలుగు ప్రాంతాలలో నల్లమద్దిగా పిలిచే చెట్టు కలప. 2019 నవంబరులో పూర్తయిన సంగీత వాద్యాలకు ఆ నియంత్రణ నుండి మినహాయింపు లభించింది.

లోహ, విద్యుత్ భాగాలు: చౌక వాద్యాలలో పలుచని రేకు వంచి చేసిన బ్రిడ్జి, చిన్న పొటెన్షియోమీటర్లు, నాణ్యత తక్కువైన జాక్ వంటివి ఉంటాయి. రేకు బ్రిడ్జి మాత్రం చౌకదనానికి గుర్తు కాదు. ఫెండర్ తొలి వాద్యాల నుండి నేటి ఖరీదైన నమూనాల వరకు అటువంటి బ్రిడ్జినే అనేక వాద్యాలలో వాడారు.

సర్దుబాటు

ఏ భాగాన్నైనా మార్చే ముందు వాద్యాన్ని సరిగా సర్దుబాటు చేయించటం అవసరం. చౌక వాద్యాలపై వచ్చే ఫిర్యాదులలో అనేకం దీనితోనే తీరిపోతాయి. నాలుగు తీగల లాగుడు బలం మొత్తం సుమారు 70 నుండి 80 కిలోల బరువుకు సమానం. ఈ బలానికి మెడ కొద్దిగా ముందుకు వంగుతుంది. ట్రస్ రాడ్‌ను పావు చుట్టుకు మించకుండా కొద్దికొద్దిగా తిప్పుతూ ఈ వంపును సుమారు 0.3 మిల్లీమీటర్లకు తెస్తారు. అనంతరం 17వ మెట్టు వద్ద తీగల ఎత్తును 2 నుండి 2.5 మిల్లీమీటర్ల వరకు ఉంచుతారు. చివరగా 12వ మెట్టుపై నొక్కి పలికించిన స్వరం, అదే చోట తీగను తాకి పలికించిన అనుస్వరం ఒకే శ్రుతిలో ఉండేలా బ్రిడ్జి దిమ్మెలను జరుపుతారు. తీగ నట్ వద్ద మరీ ఎత్తుగా ఉంటే మొదటి మెట్లపై స్వరం హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. అప్పుడు నట్ గాడిని తగిన ఆకురాయితో లోతు చేయాలి.

కలప గాలిలోని తేమను పీల్చుకొంటుంది, వదులుతుంది. అందుచేత కోస్తా ప్రాంతపు వర్షాకాలంలో సరిచేసిన మెడ, ఎండాకాలంలో గాని ఎయిర్ కండిషన్ గదిలో గాని అదే వంపులో ఉండకపోవచ్చు. గాలి పొడిగా ఉన్నప్పుడు పైపలక ముడుచుకొని, మెట్ల చివరలు మెడ అంచున చేతికి గరుకుగా తగులుతాయి. ఇటువంటి లోపం ఖరీదైన వాద్యానికి కూడా వస్తుంది.

మార్చదగిన భాగాలు

తీగలు: అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మార్పు తెచ్చేవి తీగలే. గుండ్రని తీగ చుట్టినవి గలగలమనే స్పష్టమైన నాదాన్ని, చదునైన పట్టీ చుట్టినవి మృదువైన గంభీర నాదాన్ని ఇస్తాయి. మందం మారితే లాగుడు మారుతుంది కనుక సర్దుబాటు మళ్ళీ చేయాలి.

నట్: మెత్తని ప్లాస్టిక్ నట్‌కు బదులు ఎముక లేదా గ్రాఫైట్‌తో చేసిన నట్‌ను వాడతారు. పదార్థం కన్నా గాడులు సరిగా కోయటమే ముఖ్యం. నట్ ప్రభావం మెట్టుపై నొక్కకుండా వదిలిన తీగకే పరిమితం.

బిరడాలు: బాగా పనిచేస్తున్న బిరడాలను మార్చితే నాదంలో చెప్పుకోదగిన తేడా రాదు. అయితే తల భాగం బరువెక్కి మెడ కిందికి వాలిపోయే వాద్యాలకు తేలికైన బిరడాలు ఉపకరిస్తాయి. హిప్‌షాట్ సంస్థ తయారుచేసే ఒక బిరడాలోని చిన్న మీటతో 'ఇ' తీగను క్షణంలో 'డి' శ్రుతికి దించవచ్చు.

బ్రిడ్జి: బరువైన బ్రిడ్జిలోని దిమ్మెలు పక్కకు జరగకుండా స్థిరంగా ఉంటాయి. నాదంలో తేడా మాత్రం చాలా స్వల్పం. కొనే ముందు మరల రంధ్రాల అమరికను, తీగల మధ్య దూరాన్ని పోల్చి చూడాలి.

పికప్‌లు: విద్యుత్ నాదాన్ని అన్నింటికన్నా ఎక్కువగా మార్చే భాగం ఇదే. సేమోర్ డంకన్, డిమార్జియో, ఇఎంజి, బార్టొలిని సంస్థలు ఇందులో ప్రసిద్ధమైనవి. ప్రెసిషన్ పికప్‌లోని రెండు ముక్కలు కలిసి విద్యుత్ సరఫరా వలన వచ్చే రొదను రద్దు చేస్తాయి. జాజ్ బాస్‌లో రెండు పికప్‌లను సమానంగా వాడినప్పుడే ఆ రొద తొలగుతుంది. భారతదేశంలో ఈ రొద పౌనఃపున్యం 50 హెర్ట్జ్, దాని గుణిజాలు. అసలైన జాజ్ బాస్‌లో బ్రిడ్జి వైపు పికప్ కొద్దిగా పొడవుగా ఉంటుంది. కొన్ని చౌక నమూనాలలో రెండూ ఒకే పొడవున ఉండటం వలన కొత్త పికప్ పట్టక చెక్కను తొలచవలసి వస్తుంది.

నియంత్రణ వలయం: సాధారణ వలయంలో 250 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడతారు. గరగరలాడే పొటెన్షియోమీటరును, వదులైన జాక్‌ను మార్చటం, లోపలి గుంతకు రాగి రేకు అతికించి భూసంధానం చేయటం చౌకైన, ప్రయోజనకరమైన పనులు. పెద్ద పొటెన్షియోమీటర్లకు రంధ్రాలను వెడల్పు చేయవలసి రావచ్చు. ప్రీయాంప్ అమర్చితే 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి. బ్యాటరీ అయిపోతే మార్గాంతరం లేని వలయాలలో నాదం పూర్తిగా ఆగిపోతుంది.

మెడ: వార్మత్ వంటి సంస్థలు విడిగా మెడలను అమ్ముతాయి. ఫెండర్ కొలత ప్రకారం మెడ మడమ వెడల్పు 63.5 మిల్లీమీటర్లు. చౌక వాద్యాలన్నీ ఈ కొలతను పాటించవు. మంచి మెడ ధర ఒక్కోసారి మొత్తం చౌక వాద్యం ధరను మించుతుంది.

భాగాల మార్పిడితో తీరని లోపాలు

మెలిక తిరిగిన మెడను, పనిచేయని ట్రస్ రాడ్‌ను పికప్‌లు గాని బ్రిడ్జి గాని సరిచేయలేవు. మెట్లు అసమానంగా ఉంటే అరగదీయటం లేదా కొత్త మెట్లు వేయటం నిపుణుని పని. దీనికి అయ్యే కూలి చౌక వాద్యం విషయంలో భారమవుతుంది.

కొన్ని లోపాలు ధరతో నిమిత్తం లేనివి. మరలతో బిగించిన మెడ గల బాస్‌లలో 'జి' తీగపై 5 నుండి 7వ మెట్టు వరకు ఏదో ఒక స్వరం త్వరగా అణగారిపోవటం కద్దు. ఆ స్వరపు పౌనఃపున్యం వద్ద మెడ తానే కంపించి తీగలోని శక్తిని పీల్చుకోవటమే దీనికి కారణం. ఖరీదైన వాద్యాలలో కూడా ఇది కనిపిస్తుంది. అందుచేత కొనే ముందు ప్రతి తీగపై ప్రతి మెట్టునూ నొక్కి వినటం మంచిది.

ఖర్చు, పునర్విక్రయం

పికప్‌లు, బ్రిడ్జి, బిరడాలు, ప్రీయాంప్ అన్నీ మార్చితే వాటి మొత్తం ఖర్చు తరచుగా చౌక వాద్యం ధరను దాటుతుంది. తిరిగి అమ్మేటప్పుడు కొనేవారు వాద్యం పేరును బట్టి ధర కడతారు గాని అమర్చిన భాగాలకు వేరుగా వెల కట్టరు. కావున తొలగించిన అసలు భాగాలను భద్రపరచి, అమ్మే ముందు వాటిని మళ్ళీ బిగించి, కొత్త భాగాలను విడిగా అమ్ముకోవటం వాడుకలో ఉంది. చెక్కను తొలిస్తే ఈ అవకాశం పోతుంది.

మెడ నిటారుగా ఉండి, మెట్లు సమంగా ఉండి, చేతికి ఒదిగిన చౌక వాద్యానికి పికప్‌లు మార్చటం సమంజసం. మెడ నచ్చని వాద్యంపై ఖర్చు పెట్టడం కన్నా, అదే సొమ్ముతో వాడిన మధ్యశ్రేణి వాద్యాన్ని కొనటం లాభదాయకం.

ప్రసిద్ధ వాద్యాలు

* 1961లో పాల్ మెకార్ట్‌నీ జర్మనీలోని హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు హాఫ్నర్ బాస్‌ను కొన్నాడు. ఫెండర్ వాద్యం ఆనాడు అతనికి అందుబాటు ధరలో లేదు. బీటిల్స్ తొలి పాటలలో వినిపించే ఈ వాద్యం 1972లో దొంగిలించబడి, 2024లో తిరిగి ఆయనకు చేరినట్లు ప్రకటించారు.
* డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బాస్‌పై చదునైన చుట్టు గల బరువైన తీగలను వాడేవాడు. వాటిని అరుదుగా మాత్రమే మార్చేవాడు.
* జాకో పాస్టోరియస్ 1962 నాటి జాజ్ బాస్ మెట్లు తొలగించి, గాడులు పూడ్చి, పైపలకకు ఎపాక్సీ పూత వేసి వాయించాడు.
* మార్కస్ మిల్లర్ వాడిన 1977 నాటి జాజ్ బాస్‌కు న్యూయార్కు వాద్య నిర్మాత రోజర్ సాడౌస్కీ ప్రీయాంప్ అమర్చాడు.

ఇవి కూడా చూడండి

* గిటారు
* వీణ
* లియో ఫెండర్
* రోజ్‌వుడ్
* నల్లమద్ది